మెట్ల కిటికీలో కూజా మొక్కలు

చిక్కడపల్లి,
18 నవంబరు 2010

అనురాగ్,

నన్ను ములాఖత్‌కు రావొద్దని మామతో చెప్పి పంపావట. రాను. ఇది వేరే పని మీద రాస్తున్న ఉత్తరం. చదివి జవాబు మాత్రం రాయి.

నిన్న నీ పేరు మీద షిల్లాంగ్ నుంచి ఒక కవరు వచ్చింది. విప్పాను. తప్పే, కానీ ఇంట్లో విప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు. లోపల మెత్తటి కాగితంలో మడిచిన గోధుమరంగు పోగులున్నాయి. ఎవరివో వెంట్రుకలు అనుకుని కవరు కింద పడేశాను. తీర్పు వచ్చినప్పటి నుంచి ఎవరేం పంపినా నాకు ముందు చెడే తోస్తోంది. తర్వాత చీటీ కనబడింది. "కూజా మొక్క విత్తనాలు, మా తోటలో పెంచిన చెట్లవి. నెలలోపు విత్తండి, పాతబడితే మొలవవు" అని రాసి ఉంది. బెయిలు మీద ఇంట్లో ఉన్నప్పుడు ఎవరికో ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవాడివి. వీటి కోసమేనా?

ఏం చెయ్యాలో రాయి. నాకు మందార కొమ్మ గుచ్చడం కూడా సరిగ్గా రాదని తెలుసు కదా. వద్దంటే పారేస్తాను.

అమ్మ తింటోంది, పడుకుంటోంది. కోర్టులో నేను "తమ్ముడే తోశాడు" అని చెప్పిన రోజు నుంచి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం పెడితే తింటుంది. ఉప్పు తక్కువైతే లేచి వెళ్ళి తనే తెచ్చుకుంటుంది. ఇది ఫిర్యాదు కాదు. నువ్వు అడుగుతావని రాశాను.

అరుంధతి


చర్లపల్లి జైలు,
29 నవంబరు 2010

అరుంధతికి,

పారేయకు.

కొబ్బరి పొట్టు ఇటుక ఒకటి ఇందిరా పార్కు దగ్గర నర్సరీలో దొరుకుతుంది. నానబెట్టి కనీసం ఆరుసార్లు కడుగు. దానిలో ఉప్పుంటుంది, ఆ ఉప్పుకే చస్తాయివి. నల్లా నీళ్ళు వద్దు, బోరు నీళ్ళు అసలే వద్దు. బ్యాటరీలో పోసే నీళ్ళు నారాయణగూడలో ఆటో విడిభాగాల దుకాణాల్లో అమ్ముతారు, అవి కొను. వానాకాలంలో వాన నీళ్ళు పట్టుకో.

స్వీట్ల డబ్బాలాంటి పారదర్శకమైన మూత ఉన్న డబ్బా తీసుకో. పొట్టు మీద విత్తనాలు ఊరికే చల్లు. పూడ్చకు. నీళ్ళు చిలకరించి మూత పెట్టు. ఎరువు, పేడ, టీ పొడి, ఏదీ వెయ్యకు. మంచి నేలలో బతికే మొక్క కాదది. ఏమీ లేని చోట పుడుతుంది కాబట్టే పురుగుల్ని తింటుంది.

డబ్బాను మెట్ల మలుపులో ఉన్న కిటికీలో పెట్టు. ఇంకెక్కడా పనికిరాదు. మొలకెత్తడానికి రెండు నెలలు పట్టొచ్చు. రోజూ మూత తీసి చూడకు.

అమ్మను అడిగానని చెప్పు.

అనురాగ్


చిక్కడపల్లి,
6 ఫిబ్రవరి 2011

అనురాగ్,

మొలిచాయి. నిన్నటికి ఇరవై మూడు. మొదట పొట్టు మీద ఆకుపచ్చ బూజు పట్టిందేమో అనుకున్నాను. పైన గదిలో కిరాయికి ఉండే నవనీత కళ్ళద్దాలు తుడుచుకుని చూసి, "అక్కా, గివి ఆకులు! రెండేసి ఉన్నయి చూడు!" అని అరిచింది. ఆ పిల్ల గ్రూప్ టూకి చదువుతోంది. అశోక్‌నగర్ హాస్టల్లో గోల భరించలేక మన దగ్గరికి వచ్చింది. నేను డీటీపీ చేసే సెంటర్‌కే నోట్సు కోసం వచ్చేది, అట్లా పరిచయం. ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఇప్పుడు తనొక్కతే.

బ్యాటరీ నీళ్ళ కోసం వెళ్తే దుకాణాయన "బండి ఏది మేడం?" అన్నాడు. మొక్కలకన్నాను. "మొక్కలకు బ్యాటరీ నీళ్ళేంది మేడం, షాక్ కొట్టి పెరుగుతయా?" అని నవ్వాడు. చాలా రోజుల తర్వాత నాకూ నవ్వొచ్చింది.

ఇప్పుడు ఇంకో మాట. నన్ను నిలబెట్టడానికి చోటు బాగా వెతికావు. బాపు పడింది ఆ మలుపు నుంచే. రెండేళ్ళుగా ఆ మెట్లు ఎక్కాల్సి వస్తే గోడ వైపు చూస్తూ ఎక్కేదాన్ని. ఇప్పుడు పొద్దున, సాయంత్రం అక్కడ వంగి నీళ్ళు చిలకరిస్తున్నాను. నువ్వు వేసిన శిక్ష అనుకునే చేస్తున్నాను. చెయ్యనని అనడం లేదు.

అమ్మతో నువ్వు అడిగావని చెప్పాను. విన్నది. లేచి వంటింట్లోకి వెళ్ళింది.

అరుంధతి


చర్లపల్లి,
20 మార్చి 2011

అక్కా,

ఆ కిటికీ ఉత్తరం వైపుది. ఎండ నేరుగా పడదు, వెలుతురు మాత్రం రోజంతా ఉంటుంది. మన ఇంట్లో అట్లాంటి చోటు అదొక్కటే. నేను వెలుతురు గురించి తప్ప ఇంకేమీ అనుకోలేదు. నిజంగా.

ఇరవై మూడు అంటే చాలా ఎక్కువ. పది వస్తే గొప్ప అనుకున్నాను. ఇక్కడ నన్ను తోటపనికి వేశారు. వంకాయ నారు, టమాట నారు పోస్తాం. అవి వారంలో మొలుస్తాయి, నాకు ముచ్చటే లేదు.

ఇంకో రెండు నెలల్లో ఆకు కొసన ఆవగింజంత కూజా వస్తుంది. భూతద్దంతో చూడు. పెద్దవయ్యాక ఎట్లా పట్టుకుంటాయో చెప్తాను. ఆ మొక్క దేన్నీ వేటాడదు. కూజా అంచు నున్నగా, తడిగా ఉంటుంది. తేనె కోసం వచ్చిన ఈగ దాని మీద కాలు పెట్టి జారుతుంది. జారడమే. ఎవరూ తోయరు. లోపలి గోడ మైనం పూసినట్టుంటుంది, ఎక్కబోయినా మళ్ళీ జారుతుంది. కింద నీళ్ళుంటాయి. కాలేజీలో స్పిరిట్ సీసాలో ఈ మొక్కను మొదటిసారి చూసినప్పుడు మా సారు చెప్పిన మాటలివి. అప్పటి నుంచీ పెంచాలని కోరిక.

మూత రోజుకు కాసేపు తెరిచి పెట్టు, బయటి గాలి అలవాటవుతుంది.

నీ తమ్ముడు
అనురాగ్


చిక్కడపల్లి,
4 సెప్టెంబరు 2011

అనురాగ్,

నీ ఉత్తరం వచ్చి ఐదు నెలలు దాటింది. జవాబు రాయాలనిపించలేదు. జారుతుంది, జారడమే, ఎవరూ తోయరు, మళ్ళీ జారుతుంది. లెక్కబెట్టుకున్నాను. అనాల్సింది మొక్క చాటున అనకు. ముఖం మీదే అను.

నారాయణగూడలో వకీలు గారి ఆఫీసులో నన్ను మూడు ఆదివారాలు కూర్చోబెట్టారు. "చెప్పమ్మా. మెట్లు తడిగ ఉండె, బాపు జారి పడ్డడు. గంతే. ఇంకేం అనకు" అని ఆయన. పక్కన అమ్మ. "నీ కాళ్ళు మొక్కుత అరుంధతీ, గా ఒక్క మాట అను" అని నిజంగానే వంగింది. మూడో వారం సరే అన్నాను కూడా. కోర్టులో నిలబడి నోరు తెరిచాక ఆ మాట రాలేదు.

ఆ రోజు నీకు ఫోన్ చేసింది నేను. అది మర్చిపోయావా? బాపు అమ్మను పై మెట్ల దగ్గర జుట్టు పట్టుకుని గోడకేసి కొడుతున్నాడు. నేను లాగితే నన్నూ కొట్టాడు. నీకు ఫోన్ చేసి "తొందరగ రా" అన్నాను. నువ్వు కొరియర్ ఆఫీసు నుంచి పరుగున వచ్చి "చాలు బాపూ" అన్నావు. ఆయన మళ్ళీ చెయ్యి ఎత్తాడు. నువ్వు రెండు చేతులతో తోశావు. నేను రెండు మెట్ల పైన ఉన్నాను. మలుపు దగ్గర తల తగిలిన చప్పుడు విన్నాను. ఇవన్నీ చెప్పాను కోర్టులో. మొదట ఆయన ఏం చేశాడో చెప్పబట్టే హత్య కాదని ఐదేళ్ళతో సరిపెట్టారని వకీలే అన్నాడు. మీకెవరికీ ఆ మాట వినబడలేదు. "తోశాడు" ఒక్కటే వినబడింది.

మొక్కలు బాగున్నాయి. కూజాలు వచ్చాయి.

అరుంధతి


చర్లపల్లి,
11 జనవరి 2012

అక్కా,

నీ ఉత్తరం సమ్మె రోజుల్లో ఎక్కడో ఆగిపోయి నవంబరులో చేరింది. ఆ తర్వాత ఆలస్యం నాది. చాలాసార్లు మొదలుపెట్టి చింపేశాను.

మొక్క గురించి రాశాను. మొక్క గురించే రాశాను. ఇంతకంటే ఎట్లా చెప్పాలో తెలియదు.

ఫోన్ సంగతి మర్చిపోలేదు. నువ్వు ఫోన్ చెయ్యకపోతే అమ్మ చచ్చిపోయేదేమో. చేశావు కాబట్టి బాపు చచ్చిపోయాడు. రెండూ ఒకేసారి తలకెక్కవు నాకు. ఒక రోజు ఒకటి, ఇంకో రోజు ఇంకొకటి.

అమ్మ ఇప్పటికీ ఒక్కసారి కూడా రాలేదు. మామను అడిగితే "మోకాళ్ళ నొప్పులు రా" అంటాడు. నువ్వైనా నిజం రాయి.

ఎండాకాలం వస్తోంది. ఏప్రిల్ నుంచి డబ్బా చుట్టూ తడి గుడ్డ కప్పు. హైదరాబాద్ వేడికి అవి తట్టుకోవడమే కష్టం.

అనురాగ్


చిక్కడపల్లి,
2 జూన్ 2012

అనురాగ్,

ఈ ఉత్తరం రాయడానికి పది రోజులు పట్టింది.

మొక్కలు పోయాయి. మే నెల మధ్యలో ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, తర్వాత నల్లగా మారి మెత్తబడ్డాయి. పొట్టులోంచి వాసన వచ్చింది. ఉన్న పంతొమ్మిదింటిలో నాలుగు మిగిలాయి. వాటిని వేరే పొట్టులోకి మార్చాను. బతుకుతాయో లేదో తెలియదు. తప్పు నాదే. నీళ్ళ విషయంలో పొరపాటు జరిగింది.

అమ్మ గురించి అడిగావు. మోకాళ్ళ నొప్పులు నిజమే. అంతకంటే నాకు తెలియదు. నాకెవరు చెప్తారు?

అరుంధతి


చర్లపల్లి,
15 జూన్ 2012

అరుంధతికి,

ఎన్నిసార్లు రాశాను? నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు అని రాశాను. ఏడాదిన్నర బతికినవి ఒక్క నెలలో కుళ్ళిపోయాయంటే అది పొరపాటు కాదు.

నాదనేది ఏది నీ దగ్గర ఉన్నా మిగలదు. ఒకటి నీ నోటితో పోయింది, ఒకటి నీ చేతితో. మిగిలిన నాలుగూ పారేసెయ్. ఇక రాయకు. వచ్చినా చదవను.

అనురాగ్


చర్లపల్లి,
9 డిసెంబరు 2012

అక్కా,

మామ వచ్చాడు. మొక్కల్లో గంజి పోసింది అమ్మ అని చెప్పాడు. నవనీత చూసిందట.

జూన్‌లో నేను రాసిన ఉత్తరం నీ దగ్గర ఉంటే చింపెయ్యి. నేను దాన్ని వెనక్కి తీసుకోలేను. ఆరు నెలలు నువ్వు ఏమీ రాయలేదు. రాయవద్దన్నది నేనే కాబట్టి అడిగే హక్కు లేదు. అయినా అడుగుతున్నాను. అమ్మ చేసిందని ఎందుకు చెప్పలేదు?

నీ తమ్ముడు
అనురాగ్


చిక్కడపల్లి,
13 జనవరి 2013

అనురాగ్,

చింపను. దాచుకోనూ లేదు. ఎక్కడో ఉంది.

ఆ రోజు సెంటర్‌లో కరెంటు లేదని తొందరగా ఇంటికి వచ్చాను. అమ్మ మలుపు దగ్గర మెట్టు మీద కూర్చుని ఉంది. బాపు పోయిన తర్వాత ఆమె ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. ఒళ్ళో గిన్నె. కరివేపాకు చెట్టుకు పోసేది చూడు, అట్లా గరిటెతో కొంచెం కొంచెంగా గంజి పోస్తోంది. తనలో తను మాట్లాడుకుంటోంది. "ఎంత సన్నగున్నయి బిడ్డా మీరు. ఏం పెడుతలేరా మీకు?" అంటోంది. మొక్కలతోనే అంటోంది, కానీ నాకు నువ్వు ఎదురుగా కూర్చుని తింటున్నట్టే అనిపించింది.

నేను కింద నిలబడి చూశాను. ఆపాలంటే ఒక్క మాట చాలు. అప్పటికి కొన్నింటిలోనే పోసింది. కానీ ఆమె ముఖం అట్లా మెత్తగా ఉండటం నేను మూడేళ్ళుగా చూడలేదు. పోయనిచ్చాను. ఆమె దిగి వెళ్ళాక పొట్టు కడిగి చూశాను. అప్పటికే ఆలస్యమైంది. కాబట్టి తప్పు నాదని నేను రాసింది అబద్ధమేమీ కాదు.

ఎందుకు చెప్పలేదంటావా? ఒకసారి చూసింది చూసినట్టు చెప్పాను. రెండోసారి నా వల్ల కాలేదు.

పోయాయని అమ్మకు తెలియదు. కిటికీలో ఇప్పుడు నాలుగే ఉన్నాయని చూసిందో లేదో. ఆ తర్వాత అటు వెళ్ళలేదు. నాతో మాట కూడా లేదు. మూడేళ్ళు కావస్తోంది. కోపం ఇంత కాలం ఆరకుండా ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. మన అమ్మ కోపం తెలుసు కదా, పాలు పొంగినట్టు పొంగి పోయేది. నా మీద మాత్రం పోవడం లేదు.

నాలుగూ బతికాయి. వేలెడంత కూజాలు వేశాయి. మొన్న ఒకదాంట్లో చీమ పడి ఉంది.

అక్క


చర్లపల్లి,
30 ఆగస్టు 2013

అక్కా,

నువ్వు మూడు ఉత్తరాలు రాశావు, నేను ఒక్కటీ రాయలేదు. బాగున్నాను. ఒక మాట రాయాలని ప్రతిసారీ మొదలుపెడుతున్నాను, కుదరడం లేదు. ఎప్పుడో రాస్తాను.

మొక్కల్ని విడివిడి కుండీల్లోకి మార్చావని విని సంతోషించాను. వేళ్ళు నల్లగా ఉంటే భయపడకు, వాటి రంగే అంత.

అమ్మను జాగ్రత్తగా చూసుకో. గుండె డాక్టరుకు చూపించమని మామ అన్నాడు కదా, చూపించావా?

అనురాగ్


చర్లపల్లి,
3 మార్చి 2014

అక్కా,

అమ్మ అంత్యక్రియలకు నాకు మూడు గంటలు ఇచ్చారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు మంచివాళ్ళే, ఇంటి గేటు దగ్గర చేతులు వదిలారు. నువ్వు ఆడవాళ్ళ మధ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నావు. సన్నబడ్డావు. నీ దగ్గరికి రాలేదని, పలకరించలేదని నువ్వు ఏమనుకుని ఉంటావో నాకు తెలుసు. కోపంతో కాదు. నీ ముఖం చూడలేకపోయాను. ఎందుకో ఇప్పుడు రాస్తున్నాను. ఇప్పుడు రాయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదని తెలుసు.

2012 డిసెంబరులో మామ చెప్పాడని రాశాను, గంజి సంగతి. చెప్పింది మామ కాదు, నవనీత చూసిందన్నదీ నా కల్పనే. చెప్పింది అమ్మే. నువ్వు పనిలో ఉండగా మామ ఆమెను ఆటోలో తీసుకువచ్చాడు. నీకు చెప్పవద్దని అతని దగ్గర మాట తీసుకుందట. ములాఖత్‌లో జాలీ అవతల కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత, "నీ చెట్లు నేనే సంపిన రా. అది తన మీద ఏసుకున్నదని మీ మామ చెప్పిండు" అంది. జూన్‌లో నీకు ఎట్లా రాశానో నేను చెప్పాను. అప్పుడు ఆమె అన్న మాటలు ఒక్కటీ మర్చిపోలేదు.

"అది అబద్ధం చెప్పలే రా. అబద్ధం చెప్పు అని నేనే దాని కాళ్ళు మొక్కిన. కన్నతల్లి ఆ పని చేసినంక ఏ ముఖం పెట్టుకొని మాట్లాడాలె? ముందు కోపమే ఉండె. ఆరు నెలలల్ల పోయింది. తర్వాత సిగ్గు. పొద్దున లేస్తె ఇయ్యాల మాట్లాడుత అనుకుంట. అది ఎదురైతె నోరు వస్తలేదు. నువ్వు రాయి బిడ్డా దానికి. అమ్మకు నీ మీద కోపం లేదని రాయి. నువ్వు రాస్తె అదే నా దగ్గరికి వస్తది."

రాస్తానని చెప్పాను. నీకు క్షమించమని ఉత్తరం రాశాను, ఆ మాట మాత్రం రాయలేదు. జనవరిలో నీ జవాబు వచ్చింది. అమ్మ కోపం పోవడం లేదని రాశావు. అప్పుడైనా రాయాల్సింది.

ఎందుకు రాయలేదో ఏడాది పైగా ఆలోచించాను. నా తరఫున నీ మీద కోపంగా ఉన్న మనిషి ఇంట్లో ఒక్కరైనా ఉండాలనుకున్నాను. నాకు నీ మీద కోపం తగ్గిపోయింది. తగ్గడం నాకు ఇష్టం లేదు. అందుకని అమ్మది తగ్గలేదని నువ్వు అనుకుంటూ ఉంటే బాగుందనిపించింది. ఇంతే. దీనికి ఇంకో పేరు దొరకలేదు.

ఆమె పద్నాలుగు నెలలు నువ్వు వస్తావని చూసి ఉంటుంది.

జూలైలో వదులుతారు. నువ్వు వద్దంటే ఇంటికి రాను. మామ రాంనగర్‌లో గది చూస్తానన్నాడు.

అనురాగ్


చిక్కడపల్లి,
22 జూన్ 2014

అనురాగ్,

నీ ఉత్తరం మార్చిలోనే చేరింది. చదివాను. మళ్ళీ చదవలేదు.

నువ్వు తెలుసుకోవాల్సినవి రాస్తాను. చివరి వారం అమ్మ మంచం మీదే ఉంది. నేను గంటలు గంటలు పక్కన కూర్చునేదాన్ని. నా చేతిలో చెయ్యి పెట్టేది. తీసేది. ఒకరోజు పెదవులు కదిపింది. నీళ్ళు అడుగుతోందనుకుని చెంచాతో పోశాను. మింగి, నా వైపు చూసి, తల అడ్డంగా ఊపింది. నా చేతి నీళ్ళు కూడా వద్దంటోందనుకున్నాను. లేచి బయటికి వెళ్ళిపోయాను. నేను వచ్చేసరికి నవనీత ఆమె దగ్గర ఉంది. అప్పటికే మాట పడిపోయింది.

ఆ రోజు ఆమె ఏమనబోయిందో నీ ఉత్తరం చదివాకే నాకు తెలిసింది. ఆ గదిలోంచి నేను లేచి వెళ్ళకుండా ఉండటానికి నువ్వు ఒక్క వాక్యం రాసి ఉంటే చాలు.

జవాబు రాయడానికి మూడు నెలలు ఎందుకు పట్టిందో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. మొదటి నెల అంతా నువ్వు రాంనగర్‌లోనే ఉండాలనుకున్నాను. తర్వాత ఇల్లు ఖాళీ చేసి నేనే వెళ్ళిపోదామనుకున్నాను. రెండూ మానుకున్నాను. నవనీతకు ఉద్యోగం రాలేదు, ఊరికి వెళ్ళిపోతోంది. పై గది ఖాళీ అవుతుంది. ఊరంతా కొత్త రాష్ట్రం వచ్చిందని దీపాలు పెట్టి, రంగులు చల్లుకుంటున్నప్పుడు ఆ పిల్లతో కలిసి పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దాను.

ఇంటికి రా. నీ మంచం, నీ బట్టలు ఉన్నాయి. మామ బండి తెస్తాడు, నేను జైలు దగ్గరికి రాను. వంట చేసి పెడతాను.

వచ్చాక కొన్నాళ్ళు నేను నీతో మాట్లాడను. ఎన్నాళ్ళో నాకూ తెలియదు. మధ్యలో ఎవరితోనూ కబురు పంపను, నువ్వూ పంపకు. నేను మాట్లాడకపోతే అది కోపమే. వేరే ఏదైనా అయి ఉంటుందేమోనని ఎదురుచూడకు. కోపం తీరిన రోజున నేనే నోరు తెరిచి చెప్తాను.

అక్క